ఓడిపోయిన న్యాయవాది



1837వ సంవత్సరం. అమెరికాలోని సిన్సినాటి పట్టణంలో మటిల్డా అనే బానిస యువతి పక్షాన 29 ఏండ్ల న్యాయవాది ఒకరు కోర్టులో వాదించారు. ఆయన పేరు సాల్మన్ చేజ్. తొమ్మిదవ ఏట తండ్రిని పోగొట్టుకొని, బిషప్పుగారైన పినతండ్రి యొద్ద కొంతకాలం పెరిగినవాడు. ఆ కేసు ఆయన ఓడిపోయాడు. మటిల్డాను న్యూ ఆర్లియన్స్‌కు తీసికొనిపోయి అమ్మివేశారు.

1842లో వాన్ జాండ్ట్ అనే రైతు, పారిపోయి వస్తున్న తొమ్మిదిమంది బానిసలను తన బండిలో ఎక్కించుకున్నాడు. చేజ్ ఆ రైతు పక్షాన సుప్రీంకోర్టు వరకు వెళ్లాడు. 1847లో అక్కడా ఓటమే. ఇంటిలో చూస్తే, 1852 నాటికి ముగ్గురు భార్యలను, నలుగురు కుమార్తెలను సమాధి చేసిన దుఃఖం. అయినా బానిసల పక్షాన మాట్లాడుట ఆయన మానలేదు.

తరువాత సెనేటరు, ఒహాయో గవర్నరు, 1861లో లింకన్ ప్రభుత్వంలో ఆర్థికమంత్రి అయ్యాడు. ఒక పాస్టరుగారు వ్రాసిన ఉత్తరం చదివి, దేవునియందే మా నమ్మకమను మాటను నాణెముపై ముద్రించుటకు పూనుకొన్నాడు. 1864లో రెండు సెంట్ల నాణెముపై అది మొదట కనబడింది.

అయితే ప్రియులారా, ఆయనలో ఒక బలహీనత ఉంది. అధ్యక్ష పదవిపై ఆశ. మంత్రిగా ఉంటూనే లింకన్ స్థానాన్ని కోరుకున్నాడు. 1868 వరకు మరల మరల ప్రయత్నించినా అది దొరకలేదు. నాణెముపై దేవుని నామము ముద్రించుట సులభమే. హృదయములోనుండి పదవీ కాంక్షను తీసివేసికొనుట ఎంత కష్టం!

అదంతా తెలిసియు లింకన్ 1864 డిసెంబరులో ఆయనను సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా నియమించాడు. నల్లవారు పౌరులు కాజాలరని 1857లో తీర్పు చెప్పిన టేనీ కూర్చున్న కుర్చీ అది. 1865 ఫిబ్రవరి 1న, చేజ్ ఆ కుర్చీలో ఉండగా, జాన్ రాక్ అనే నల్లజాతి న్యాయవాది ఆ కోర్టులో వాదించే అర్హత పొందాడు. అట్టి అర్హత పొందిన మొదటి నల్లవాడు ఆయనే.

చేజ్ కోరిన కుర్చీ వేరు, దొరికిన కుర్చీ వేరు. దొరికినదే అణగారినవారికి తలుపు తెరిచింది.

మాట్లాడలేనివారి కొరకు మనం మాట్లాడవలెనని సామెతలు 31వ అధ్యాయం 8వ వచనం నేర్పుతున్నది. గెలిస్తేనే మాట్లాడమని అక్కడ లేదు. మీ వీధిలో, మీ సంఘంలో నోరు లేని మటిల్డా ఎవరు? ఓడిపోతామని తెలిసినా ఆమె పక్షాన నిలుస్తారా? అట్టి కృప ప్రభువు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.