ఒత్తిడి బంతి: చేసి చూద్దాం, కోసి చూద్దాం



పరీక్షల కాలం దగ్గరపడితే చాలామంది చదువుకునే బల్ల మీద ఒక మెత్తని బంతి కనిపిస్తుంది. ఎడమచేత్తో దాన్ని నొక్కుతూ కుడిచేత్తో లెక్కలు చేస్తుంటారు. ఇంగ్లీషులో స్ట్రెస్ బాల్ అంటారు, మనం ఒత్తిడి బంతి అందాం. దాని తోబుట్టువే స్క్విషీ. నొక్కితే అణగి, వదిలితే నెమ్మదిగా పైకి లేచే స్పాంజి బొమ్మ అది. ఈ రెండింటినీ ఇంట్లో ఉన్న వస్తువులతో ఎలా చేయవచ్చో, చేసేటప్పుడు ఏ శాస్త్రం మన చేతికి తగులుతుందో ఈనాటి పాఠంలో చూద్దాం.

ఇంట్లో ఉన్న వస్తువులు అన్నాం కదా, ఏ ఊళ్లో ఇల్లు? ఆ ప్రశ్న ముఖ్యం. మన పాఠానికి అండమాన్‌లోని హోప్ టౌన్‌ను తీసుకుందాం. శ్రీ విజయపురం నగరానికి (2024 దాకా దాని పేరు పోర్ట్ బ్లెయిర్) ఎదురుగా, సముద్రపు పాయకు అవతలి ఒడ్డున ఉంది ఈ ఊరు. చాథమ్ దగ్గర పడవ ఎక్కి బాంబూ ఫ్లాట్‌లో దిగితే అక్కడి నుంచి రోడ్డు మార్గం. చరిత్ర విద్యార్థులకు ఈ పేరు తెలిసే ఉంటుంది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో మౌంట్ హారియట్ కొండ దిగి వచ్చి, ఇక్కడి రేవులో పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. ఆ కొండను 2021 నుంచి మౌంట్ మణిపూర్ అంటున్నారు. అండమాన్ నికోబార్ దీవుల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అంటే ఈ పాఠం వినేవారిలో అక్కడి పిల్లలూ ఉండవచ్చు. బజారు సరుకు చాలావరకు చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాల నుంచి ఓడలో రావాలి. పైగా ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం, ఎప్పుడూ తేమగాలి. అనంతపురంలో చేసిన బంతి ఏడాది నిలిస్తే, అదే బంతి హోప్ టౌన్‌లో వానాకాలం దాటకపోవచ్చు. ఎందుకో ముందుకు వెళ్లాక తెలుస్తుంది.

ముందు మామూలు బంతి. రెండు బెలూన్లు, ఒక కప్పు గోధుమపిండి లేదా మైదా, ఖాళీ నీళ్ల సీసా చాలు. సీసా పైభాగం కోసి బోర్లిస్తే గరాటు తయారు. బెలూన్‌ను ఒకటి రెండుసార్లు ఊది గాలి తీసేయండి, రబ్బరు కాస్త సాగుతుంది. తరువాత గరాటు మూతికి తొడిగి, పిండిని కొద్దికొద్దిగా పోస్తూ పెన్సిలు వెనుక భాగంతో లోపలికి నెట్టండి. ఎంత పిండి పడుతుంది? 6 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గోళం ఘనపరిమాణం లెక్క కట్టండి, సుమారు 113 ఘన సెంటీమీటర్లు వస్తుంది. అందులో 60 నుంచి 80 గ్రాముల పిండి పడుతుంది. బియ్యమైతే 90 గ్రాముల దాకా. నిండాక మూతి దగ్గరి గాలిని వేళ్లతో నెమ్మదిగా బయటికి పంపి ముడి వేయండి. ముడికి పైన మిగిలిన తోకను కత్తిరించండి. రెండో బెలూన్ మెడ కోసేసి, దాన్ని మొదటిదాని మీద ముడి కప్పుకునేలా తొడగండి. బెలూన్ పొర పలచన. ఎక్కడో సూదిమొన అంత రంధ్రం పడినా పిండి బయటికి రాకుండా రెండో పొర కాపాడుతుంది.

ఇక్కడ ఒక తమాషా సంగతి. మొట్టమొదటి రబ్బరు బెలూన్‌లో కూడా పిండి ఉంది! 1824లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే హైడ్రోజన్ వాయువుతో ప్రయోగాలు చేస్తూ రెండు రబ్బరు పలకలను ఒకదానిపై ఒకటి పెట్టి అంచులు అతికించాడు. పచ్చి రబ్బరు జిగురుగా ఉంటుంది కనుక లోపలి వైపులు అతుక్కోకుండా పిండి రాశాడు. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠంలో మనకు పరిచయమయ్యే ఆ ఫారడేయే.

రబ్బరు బంతి అయితే ఇంకా పాతది. మెక్సికోలోని ఎల్ మనాటీ అనే చోట తవ్వకాల్లో దొరికిన రబ్బరు బంతులు క్రీ.పూ. 1600 ప్రాంతానివి. అక్కడి ప్రజలు చెట్టుపాలలో ఒక తీగమొక్క రసం కలిపి రబ్బరుకు ఎగిరే గుణం తెచ్చారని 1999లో అమెరికా పరిశోధకులు ప్రయోగం చేసి చూపారు. గంధకంతో కాచి రబ్బరును గట్టిపరచే పద్ధతిని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. మన దేశంలో రబ్బరు అనగానే కేరళ గుర్తుకొస్తుంది కానీ, నికోబార్ దీవుల్లోని కచ్చాల్‌లో కూడా రబ్బరు తోటలు వేశారు. శ్రీలంక నుంచి తిరిగి వచ్చిన తమిళ కుటుంబాలకు అక్కడ పునరావాసం కల్పించారు.

ఇప్పుడు బంతిని నొక్కుదాం. రబ్బరు అణువులు పొడవైన గొలుసులు, చిక్కుపడిన దారపు ఉండల్లా ఉంటాయి. లాగితే అవి ఒక వరుసలోకి వస్తాయి, వదిలితే మళ్లీ చిక్కుపడతాయి. దీన్ని పెదవితోనే తెలుసుకోవచ్చు. వెడల్పాటి రబ్బరు బ్యాండును చటుక్కున సాగదీసి వెంటనే పెదవికి ఆనించండి. వెచ్చగా తగులుతుంది. కొంతసేపు సాగదీసే ఉంచి, వదిలి మళ్లీ ఆనిస్తే చల్లగా ఉంటుంది. 19వ శతాబ్దం మొదట్లో జాన్ గాఫ్ గమనించిన విషయం ఇది. ఇంటర్‌లో ఉష్ణగతిక శాస్త్రం చదివే వాళ్లు దీని మీద కాస్త ఆలోచించండి.

రబ్బరు తన పాత ఆకారానికి వస్తానంటుంది. లోపలి పిండి రానంటుంది. పిండి రేణువులు చాలా చిన్నవి, ఒకదానినొకటి అంటిపెట్టుకుంటాయి, అందుకే వేలిముద్ర పడితే అలాగే నిలుస్తుంది. బియ్యం, రాగులు, ఆవాలు అలా కాదు, జారిపోతాయి. పసిపిల్లల తల కింద ఆవాల దిండు పెట్టేది ఈ గుణం చూసే. తల ఎటు తిప్పినా దిండు ఆ ఆకారానికి సర్దుకుంటుంది. అయితే అదే గింజలను బెలూన్‌లో సందు లేకుండా కూరితే బంతి రాయిలా గట్టిపడుతుంది. గింజలు కదలాలంటే ఒకదానికొకటి కాస్త ఎడం కావాలి, ఎడం కావడానికి చోటుండాలి. హోప్ టౌన్ పిల్లలకు దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. సముద్రపు ఒడ్డున తడి ఇసుక మీద అడుగు వేసి చూడండి. పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం ఆరినట్టు తెల్లబడుతుంది. పాదం ఒత్తినప్పుడు రేణువులు ఎడమై, వాటి మధ్య ఖాళీ పెరిగి, పైనున్న నీరు ఆ ఖాళీలోకి దిగుతుంది. 1885లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ దీన్ని వివరించాడు. గాలి తీసి మూసిన కాఫీపొడి పొట్లం ఇటుకలా ఉండి, కత్తిరించగానే మెత్తబడటం కూడా ఈ కోవలోదే.

రెండు వంతుల కార్న్‌ఫ్లోర్‌కు ఒక వంతు నీరు కలిపి నింపితే మరో వింత. మెల్లగా నొక్కితే ద్రవం, గట్టిగా కొడితే ఘనం. కానీ ఇది ఒకరోజు ఆట. మర్నాటికి పులిసిన వాసన వస్తుంది.

అనంతపురం, హోప్ టౌన్ తేడా ఇక్కడే. పొడి పిండి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ముక్కిన వాసన, బూజు, పురుగు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అందుకని పిండిని నూనె లేకుండా సన్నని మంట మీద తేమ పోయేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక నింపాలి. వేడిగా ఉండగా నింపితే రబ్బరు పాడవుతుంది. రెండో శత్రువు కొబ్బరినూనె. తలకు రాసుకున్న చేత్తోనే బంతి పట్టుకుంటే సహజ రబ్బరు నూనెను పీల్చి ఉబ్బి, బలం కోల్పోయి చిరిగిపోతుంది. ఒక బెలూన్ ముక్క మీద నూనెచుక్క వేసి మర్నాడు చూడండి. ఎండ కూడా రబ్బరుకు పడదు.

నన్నడిగితే, తేమ ఉన్న ఊళ్లో గుడ్డ బంతి చేసుకోవడమే మంచిది. పాత నూలు మేజోడు గానీ చీర ముక్క గానీ తీసుకోండి. నడుమ చిన్న గుడ్డమూటలో గుప్పెడు రాగులు, దాని చుట్టూ బాగా దులిపి ఎండబెట్టిన కొబ్బరిపీచో బూరుగు దూదో పెట్టి, సూదీదారంతో దగ్గర దగ్గరగా కుట్టండి. పీచు స్ప్రింగులా లేస్తుంది, గింజలు బరువిస్తాయి. తేమ పట్టినా విప్పి ఎండబెట్టి మళ్లీ కుట్టుకోవచ్చు. రబ్బరు తగిలితే చర్మం దురద పెట్టే వాళ్లకూ ఇదే తగినది. నింపడానికి తీరం నుంచి పగడపు ముక్కలు ఏరుకురావద్దు. వాటికి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

ఇక స్క్విషీ. సోఫాలు, కారు సీట్లు కుట్టే దుకాణాల్లో స్పాంజి ముక్కలు మిగులుతాయి. ఒకటి అడిగి తెచ్చుకుని కత్తెరతో ఇడ్లీలాగో తాటిముంజలాగో కత్తిరించండి. నొక్కి వదిలితే చటుక్కున లేస్తుంది. దుకాణంలో కొన్నది మాత్రం తాపీగా లేస్తుంది, ఎందుకు? స్పాంజి ముక్కను చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి గాలి చొరకుండా టేపుతో అతికించండి. గుండుసూదితో ఒకే ఒక్క రంధ్రం చేసి నొక్కి వదలండి. ఇప్పుడు అది ఆవులిస్తున్నట్టు మెల్లగా లేస్తుంది. రెండో రంధ్రం చేయండి, వేగం పెరుగుతుంది. లోపలికి వెళ్లాల్సిన గాలికి దారి ఇరుకైతే ఆలస్యం తప్పదు. కొన్న స్క్విషీలో ఈ ఇరుకుదారులు స్పాంజిలోనే ఉంటాయి, దాని పాలిమర్ కూడా నిదానంగా కోలుకునే రకం.

కొనేవాటి గురించి ఒక మాట. 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ స్క్విషీలను పరీక్షిస్తే వాటి నుంచి డైమిథైల్ ఫార్మమైడ్ వంటి హానికర రసాయనాలు వెలువడుతున్నట్టు తేలింది. ఘాటైన వాసన వచ్చే బొమ్మను ఇంట్లో ఉంచవద్దు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి, కొనేముందు చూడండి. నీటిలో వేస్తే ఉబ్బే రంగురంగుల పూసలను బంతిలో నింపకండి. పసిపిల్లలు మింగితే అవి పేగులో ఉబ్బి అడ్డుపడతాయి, శస్త్రచికిత్స దాకా వెళుతుంది. వెలిగారం కలిపి చేసే జిగురుముద్ద కూడా వద్దు.

అన్నిటికన్నా ప్రమాదం చిరిగిన బెలూన్ ముక్క. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ మాట జాగ్రత్తగా వినండి. పలచని రబ్బరు గొంతులోకి జారితే శ్వాసనాళం మీద మూతలా అతుక్కుంటుంది, ఆకారం మార్చుకుంటుంది కనుక దగ్గినా బయటికి రాదు. 8 ఏళ్ల లోపు పిల్లలకు బెలూన్ బంతి ఇవ్వకండి. చిరిగిన వెంటనే ముక్కలన్నీ ఏరి చెత్తబుట్టలో వేయండి. సముద్రం పక్కనున్న ఊళ్లో దీనికి ఇంకో కారణం ఉంది. నీటిలో తేలే బెలూన్ తాబేళ్లకు జెల్లీచేపలా కనిపిస్తుంది. మింగిన సముద్రపక్షులకు గట్టి ప్లాస్టిక్ కన్నా బెలూన్ ముక్క వల్ల చనిపోయే అవకాశం 32 రెట్లు ఎక్కువని 2019లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు.

ఇంతకీ ఈ బంతి ఒత్తిడి తగ్గిస్తుందా? స్ట్రెస్ అన్న ఇంగ్లీషు మాటకు మన భౌతికశాస్త్ర పుస్తకంలో ప్రతిబలం అని ఉంటుంది, మనసు విషయానికొస్తే అదే మాటకు ఒత్తిడి అంటాం. శరీరం ఏ కష్టానికైనా ఒకే తీరుగా స్పందించడం గురించి హాన్స్ సెలై 1936లో ‘నేచర్’ పత్రికలో రాశాడు, తరువాతి రచనల్లో ఆ స్పందనకు ఈ మాట వాడాడు. బంతి మీద జరిగిన పరిశోధనల్లో ఫలితాలు అందరికీ ఒకేలా రాలేదు. కొందరికి ఉపశమనం, కొందరికి ఏ తేడా లేదు. కాకపోతే దీని వెనుక ఒక పాత పద్ధతి ఉంది. ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు 1929లో వివరించినది. కండరాన్ని కావాలని బిగించి, తరువాత పూర్తిగా వదిలేయడం. కుడి ముంజేతిని ఎడమచేత్తో పట్టుకుని బంతి నొక్కండి. మోచేతి కింద కండ బిగుసుకోవడం తెలుస్తుంది. వేళ్లలో నొక్కే కండలు ఉండవు, అవి ముంజేతిలో, అరచేతిలో ఉండి నరాల్లాంటి తాళ్లతో వేళ్లను లాగుతాయి. అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి, పది అంకెల దాకా నిదానంగా వదలండి. చాలామంది నొక్కడం మీదే ధ్యాస పెడతారు. గమనించాల్సింది వదిలేటప్పుడు చేతికి ఏమనిపిస్తోందో.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలనిపించకపోయినా బంతితో సరిపెట్టుకోకండి. అమ్మానాన్నలకో, మీకు నమ్మకమున్న మాస్టారికో చెప్పండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ సేవకు 14416కు ఫోన్ చేయవచ్చు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంటి దగ్గర చేయాల్సిన పని: ఒకే రకం బెలూన్లతో రెండు బంతులు చేయండి. ఒకదానిలో వేయించిన పిండి, ఇంకోదానిలో పచ్చి పిండి, సమానమైన తూకంలో. వారానికోసారి కిరాణా కొట్టు త్రాసులో తూచి, అంకెలు నోటుపుస్తకంలో రాయండి. నెల తిరిగాక పెద్దవాళ్ల ఎదుట రెండింటినీ కోసి, వాసన, రంగు, ఉండలు కట్టిన తీరు పక్కపక్కన నమోదు చేయండి. మీది ఏ ఊరో, ఆ నెలలో వాన ఎన్ని రోజులు పడిందో పై వరుసలో రాయడం మరవకండి.