నల్లమల దర్శనము
(ఉపన్యాస పాఠము)



రెంటచింతలవారికి ఎండను గూర్చి ఎవరును చెప్పనక్కరలేదు. ఆ ఎండనే నెత్తిన మోయుచు మాచర్లకు ఆవల నొక మహారణ్యము నిలిచియున్నది. అదియే నల్లమల.

త్రోవలో మొదట ఎత్తిపోతల. చంద్రవంక మున్నగు వాగులు కలిసి సుమారు 70 అడుగుల క్రిందికి దూకి, పిదప కృష్ణను చేరును. దిగువ మడుగున మొసళ్లు గలవు, స్నానమునకు దిగరాదు. పడుచువాండ్రు ఈ మాట పెడచెవిని పెట్టుదురు!

అడవి అంచున ముండ్లపొదలు. లోనికేగిన కొలది మద్ది, యేగి, తునికి, ఇప్ప. వాగుల వెంట వెదురు. వేసవిలో ఇవి మోడులై కనిపించును. చచ్చినవి కావు. నీరు ఆవిరియై పోకుండుటకు చెట్టు ఆకు రాల్చుకొనును. ఆ ఎండుటాకులపై ఒక్క చుట్టపీక పడిన చాలును, కొండకు కొండ కాలిపోవును. కావున వానలు వెనుకబట్టిన పిదప పోవుట మేలు.

ఇది 1978లో అభయారణ్యమైనది. 1983లో పులుల సంరక్షణ క్షేత్రమైనది. 2014లో రాష్ట్రము విడిపోగా కృష్ణకు ఉత్తరపు భాగము అమ్రాబాదు పేర తెలంగాణకు చెందినది. పులికి ఈ సరిహద్దు తెలియదు.

చెంచులు తేనె, గడ్డలు, బంక ఏరుకొనుచు తరతరములుగా నచ్చట జీవించుచున్నారు. పులికొరకై వారిని లేవగొట్టవలెననువారు గలరు. అది న్యాయము కాదు. 2006 నాటి చట్టము వారి హక్కును గుర్తించినది. పులిజాడ తీయు కావలివారిలో అనేకులు చెంచులే. వారి పెంటలకు పోయి, అడుగకయే ఛాయాచిత్రములు తీయుట, పిల్లలకు బిస్కత్తులు విసరుట తగదు. పెద్దలను పలుకరించి, చెట్ల పేర్లు, వాగుల పేర్లు అడిగి వ్రాసికొనుడు. ఆ కాగితములను తెచ్చి ఈ గ్రంథాలయమున కీయుడు.