మేత చేలో ఎరువు సమంగా పడాలంటే
(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



మేత మడులకు ఎరువు వేసే తీరులో ఒక లోపం చాలా ఊళ్ళలో కనిపిస్తున్నది. యూరియా, డి.ఎ.పి., పొటాష్ మూడూ గోనెపట్టా మీద పోసి, పారతో నాలుగుసార్లు తిరగేసి తట్టల కెత్తుతున్నారు. పది రోజులు పోయాక చూస్తే ఒకచోట మేత నల్లగా ఏపుగానూ, పక్కనే పాలిపోయీ ఉంటుంది. ఎరువు కల్తీ అని ఫిర్యాదు వస్తుంది. కల్తీ ఉండదని నేననను. కాని చాలాసార్లు తేడా పలుకులోనే ఉంటుంది.

మామూలు యూరియా పలుకు నున్నన, తేలిక. ఎక్కువ భాగం 1 నుంచి 2.8 మిల్లీమీటర్ల లోపే. డి.ఎ.పి. గుళిక బరువు, 4 మిల్లీమీటర్ల దాకా లావు. పొటాష్ ఉప్పురవ్వ మాదిరి సన్నం, గరుకు. చేటలో బియ్యం చెరిగితే నూకలు ఒక పక్కకు చేరడం మన ఆడవారికి తెలిసిన సంగతే. అక్కడ మనం కావాలని చేస్తాము. ఎరువులో మనకు తెలియకుండా జరుగుతుంది.

పైనుంచి కుప్పగా పోసినప్పుడు లావు గుళికలు అంచులకు దొర్లిపోతాయి, సన్నం నడుమ నిలుస్తుంది. కలిపిన బస్తాను బండిలో వేసి గతుకుల దారిన తీసుకుపోతే సన్నం సందుల్లోంచి అడుగుకు దిగుతుంది. చేత్తో విసిరినా, ట్రాక్టరు వెనుక తిరిగే పళ్ళెంతో చల్లినా, లావుది దూరం పోతుంది, సన్నం దగ్గరే రాలుతుంది. బరువు, ఆకారం కూడా కొంత పనిచేస్తాయి గాని, అన్నిటికంటె పెద్ద కారణం సైజు తేడాయే.

నష్టం ఎరువు ఖరీదుతో పోతే సరే ననుకోవచ్చు. మేత జొన్నలో యూరియా కుప్పపడిన చోట, అందులోనూ బెట్ట తగిలినప్పుడు, మొక్కలో నైట్రేటు పేరుకుంటుంది. అది పశువు పొట్టలో నైట్రైటుగా మారి రక్తంలో చేరితే రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది, పశువు ఎగశ్వాసతో పడిపోతుంది. విచారమేమంటే, నల్లగా ఏపుగా ఉన్నచోటనే మనం ముందు కొడవలి పెడతాము. అటువంటి మేతను ఒక్కదాన్నే కడుపునిండా వేయక, ఎండుగడ్డితో కలిపి కొద్దికొద్దిగా వేయండి. లక్షణాలు కనబడితే ఆలస్యం చేయక పశువైద్యుణ్ణి పిలవండి.

దుక్కిలో 17-17-17 వంటి కాంప్లెక్సు వేస్తే ఈ బాధ లేదు. ప్రతి గుళికలోనూ మూడు పోషకాలూ ఉంటాయి. కలపక తప్పదంటే 2 నుంచి 4 మిల్లీమీటర్ల గుళిక యూరియా దొరుకుతున్నది, డి.ఎ.పి.తో అదే కలపండి. మామూలు యూరియా అయితే విడిగా చల్లడమే మేలు. శ్రమ రెట్టింపని కొందరంటారు; గేదె ఖరీదు ముందు ఆ శ్రమ ఏపాటిది? ఏది చల్లినా సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లండి. కుప్ప పోయక పలుచగా పరచి కలపండి. యూరియా, సూపరు కలిస్తే చెమ్మగిల్లుతుంది గనుక ఆ పూటకు చాలినంతే కలపాలి.

మరొక్క సంగతి. ఇప్పుడు యూరియా బస్తా 45 కిలోలు, డి.ఎ.పి. బస్తా 50 కిలోలు. బస్తాకు బస్తా అనుకోక తూచి కలపండి. మిగిలిన ఎరువును, ఖాళీ సంచులను కొట్టంలో ఉంచవద్దు. యూరియా నాకి చనిపోయే పశువులున్నాయి.