సభలో పలికిన మాట



పలాస నుండి సముద్రము వైపు పోవువారికి కొబ్బరితోటలు, జీడిమామిడి తోటలు, పనసచెట్లు ఎడతెగకుండ కానవచ్చును. ఆ సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. అంతటి పచ్చని నేల మీద ఎన్నో యిండ్లలో మూత్రపిండవ్యాధి తిష్ఠవేసినది. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో దీనివలన ఇంటిపెద్దను పోగొట్టుకొన్న కుటుంబములు పెక్కు. వ్యాధికి మూలమిదియని శాస్త్రజ్ఞులు నేటికిని నిశ్చయముగా తేల్చి చెప్పలేదు.

ఒకనాటి సాయంత్రము టెక్కలిలో మా వీధి అరుగు మీద ఇద్దరు వియ్యంకులు వాదించుకొనుట విన్నాను. ఒకరు వారమునకు మూడుమార్లు రక్తశుద్ధి చేయించుకొనువారు. ఆయన అన్నారు: “ఏటి బావా, మనోడు దిల్లీ ఎల్లి ఈ జబ్బు గురించి ఒక్క మాటయినా ఆడినాడా?” రెండవ ఆయన ఊరకుండలేదు. “ఆడకేటి, ఎన్నిమార్లో అడిగినాడు. నువ్వు విన్నేదు గాని.” వాదము పెరిగినది. కాఫీ చల్లారిపోయినది. నన్ను తీర్పు చెప్పుమన్నారు. నేను, “మీరిద్దరును విన్నదే చెప్పుచున్నారు గాని చదివినది చెప్పుటలేదు. చదివి చూతము” అన్నాను. నేటి ప్రసంగమునకు అదియే నాంది.

శాసనసభలలోను పార్లమెంటులోను సభ్యుడు పలికిన ప్రతి మాటను అక్కడి లేఖకులు వ్రాసికొందురు. లోక్ సభ 1952 మే 13న తొలిసారి కూడినది. ఆనాటి నుండి జరిగిన చర్చలు గ్రంథరూపమున ఉన్నవి. అంతకు ముందు 1946 డిసెంబరు 9న ఆరంభమైన రాజ్యాంగసభ చర్చలును ఉన్నవి. ఒకప్పుడు వీనిని చూడవలెనన్న పెద్ద గ్రంథాలయమునకు పోయి దుమ్ము దులుపుకొనవలసి వచ్చెడిది. ఇప్పుడు పార్లమెంటువారి డిజిటల్ గ్రంథాలయములో వీనిని ఇంటినుండియే, రుసుము లేకుండ చదువుకొనవచ్చును.

ఇది ఊరక లభించిన హక్కు కాదు. ఇంగ్లండులో సభావ్యవహారములను అచ్చొత్తుట ఒకప్పుడు నేరము. 1771లో ముద్రాపకులను శిక్షింపబూనిన కామన్సు సభకు అడ్డు నిలిచినందుకు లండను నగరపు మేయరే చెరసాల పాలయినాడు. ఆ తరువాత గాని ఆ పట్టు సడలలేదు. మన దేశములో ఫిరోజ్ గాంధీ ప్రయత్నము వలన 1956లో సభావార్తలను ప్రకటించు పత్రికలకు రక్షణ నిచ్చు చట్టము వచ్చినది. అత్యవసర పరిస్థితి కాలమున, 1976లో, అది రద్దయినది. 1977లో మరల నిలిచినది. రాజ్యాంగము 105వ అధికరణము ప్రకారము సభలో పలికిన మాటకు సభ్యునిపై న్యాయస్థానములో వ్యవహారము నడువదు. సభ్యునికి అంతటి స్వాతంత్ర్యమున్నప్పుడు, అతడేమి పలికెనో చదువుకొను స్వాతంత్ర్యము పౌరునికి ఉండుట న్యాయమే కదా!

ఇక వెదకు విధము. మొదట అడుగవలసిన ప్రశ్న: ఈ విషయము ఏ సభది? వైద్యము, తాగునీరు రాష్ట్రము చూడవలసినవి. పలాస స్టేషనులో ఆగవలసిన రైలు కేంద్రము చూడవలసినది. మన జీడిపరిశ్రమకు వచ్చు విదేశీ పిక్కలపై సుంకము కేంద్రముది. మూలపేట వంటి చిన్నరేవు రాష్ట్రముది. కనుక ఆసుపత్రి కొరకు ఢిల్లీ చర్చలను మాత్రమే వెదకినచో, ప్రజారోగ్యము రాష్ట్రప్రభుత్వ బాధ్యతయను సమాధానము ఎదురుకావచ్చును. అసలు చర్చ శాసనసభలో దొరకవచ్చును.

శాసనసభ అన్నప్పుడు ఏ శాసనసభయో కూడ చూడవలెను. శ్రీకాకుళము జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడినది. 1953 అక్టోబరు 1 వరకు మన సంగతులు మద్రాసు సభలో నడచినవి, పిదప కర్నూలులో, 1956 నవంబరు 1 తరువాత హైదరాబాదులో, ఇప్పుడు వెలగపూడిలో. ఇక 1936కు పూర్వపు సంగతులకు గంజాము జిల్లా పేరిట వెదకవలెను; టెక్కలి అప్పుడు ఆ జిల్లాలోనిది.

రెండవది, ఎవరు, ఎప్పుడు? ఇందులో పొరబడుట సులభము. 1967లో శ్రీకాకుళము నుండి లోక్ సభకు ఎన్నికైనవారు బారువలో జన్మించిన సర్దార్ గౌతు లచ్చన్న. ఆయన రాజీనామా చేయగా జరిగిన ఉపఎన్నికలో గెలిచి ఆ స్థానమున కూర్చున్నవారు గుంటూరు సీమకు చెందిన ఆచార్య రంగా. ఒకే లోక్ సభ, ఒకే నియోజకవర్గము, ఇద్దరు సభ్యులు. తేదీ చూడక పేరు మాత్రము చూచినవాడు ఒకరి మాటను మరియొకరి ఖాతాలో వేయును.

మూడవది, ఏ పదము? మనము ఉద్దానమందుము, ప్రభుత్వ సమాధానములో ‘శ్రీకాకుళము జిల్లా’ అని మాత్రమే ఉండవచ్చును. మనము కిడ్నీజబ్బు అందుము. అక్కడ ‘దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి’ అను ఇంగ్లీషు పదమో, దాని పొడి అక్షరములో ఉండును. పాత సంపుటములలో శ్రీకాకుళము ‘చికాకోల్’, విశాఖపట్టణము ‘వైజాగపటామ్’. సభాధ్యక్షుని అనుమతితో పార్లమెంటులో తెలుగున మాటాడవచ్చును గాని, ఆ ప్రసంగము ఇంగ్లీషు అనువాదముగా అచ్చగుట కలదు. కనుక తెలుగు మాటతో వెదకి, దొరకలేదని నిరాశపడరాదు. ఒకే ఊరి పేరును నాలుగు విధముల అక్షరములతో వ్రాసి చూడవలెను.

నాల్గవది, మాట ఏ రూపమున ఉన్నది? ఇచ్చటనే మా వియ్యంకుల వాదమునకు తాళపుచెవి దొరకినది. లోక్ సభలో ప్రశ్నలు ముఖ్యముగా రెండు విధములు. నక్షత్రపు గుర్తు గలవి దినమునకు 20. వీనికి మంత్రి నోటితో సమాధానము చెప్పును. గుర్తు లేనివి 230; వీనికి కాగితము మీదనే సమాధానము. నక్షత్రపు గుర్తు ప్రశ్నయైనను, గంట ముగియులోపల దాని వంతు రాకున్న, అదియును కాగితమునకే పరిమితమగును. ఇవి గాక శూన్యగంటలో లేవనెత్తు విషయములు, 377వ నియమము క్రింద సమర్పించు విషయములు, బడ్జెటు చర్చలు వేరుగా ఉన్నవి. కాబట్టి ఒక సభ్యుడు వ్యాధిని గురించి ప్రశ్న వేసియుండవచ్చును, అయినను ఆనాడు సభలో నోరు విప్పకయు ఉండవచ్చును. ‘ఆడలేదు’ అన్న బావయు నిజమే, ‘అడిగినాడు’ అన్న బావయు నిజమే!

సభాపతి తొలగింపుమన్న మాటలు అచ్చులో ఉండవు. కనుక దూరదర్శనములో విన్న మాట పుస్తకములో లేకున్న, దానిని ఎవరో దాచినారని వెంటనే అనుకొనరాదు.

ఐదవది అన్నిటికంటె సూక్ష్మమైనది. రికార్డులోని మౌనమునకు కూడ కారణము వెదకవలెను. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగినది. కొద్ది దినములకే, ఏప్రిలులో, మందస జమీందారీలో రైతులపై కాల్పులు జరిగి వీర గున్నమ్మ మొదలగువారు ప్రాణములు కోల్పోయిరి. ఆ నెలలో మద్రాసు శాసనసభ చర్చలను తిరగవేసినవానికి దానిని గురించి ఒక్క పుటయు దొరకదు. సభ్యులకు జాలి లేకనా? కాదు. 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా చేసినది. గవర్నరు పాలన 1946 వరకు సాగినది. సభయే కూడలేదు. అడుగుటకు చోటే లేని కాలమది. ఈ సంగతి తెలిసినవాడు సభ యొక్క విలువను మరియొక విధముగా గ్రహించును.

దొరకిన మాటను ఏమి చేసికొనవలెను? మంత్రి ‘పరిశీలించుచున్నాము’, ‘వివరములు సేకరించి సభ ముందుంచెదము’ అని చెప్పినచో అది గాలిలో పోవు మాట కాదు. లోక్ సభలో ప్రభుత్వ హామీల సంఘమను ఒకటి 1953 నుండి ఉన్నది. అట్టి హామీని మూడు నెలలలో నెరవేర్పవలెనని నియమము. గడువు దాటినచో ఆ సంఘము కారణమడుగును. మనము వ్రాయు విజ్ఞాపనలో ‘ఎప్పుడో చెప్పినారు’ అని వ్రాసిన దానికి బలము లేదు. ‘ఫలాని తేదీన, ఫలాని సంఖ్య గల ప్రశ్నకు ఇచ్చిన సమాధానములో’ అని వ్రాసిన దానిని త్రోసిపుచ్చుట కష్టము.

పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి, హిరమండలము జలాశయము నుండి ఉద్దానమునకు తాగునీటి పథకము 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. ఇవి ఒక్కనాటి మాటతో వచ్చినవి కావు. వైద్యులు చెప్పిరి, పత్రికలు వ్రాసెను, రోగుల బంధువులు ఎలుగెత్తిరి, భిన్నపక్షముల సభ్యులు సభలలో అడిగిరి. ఎవరి పాలు ఎంతయో తేల్చుట నా పని కాదు. ఎన్నికల వేళ ప్రతి గోడయు తన పాలే ఎక్కువయని చెప్పును. గోడ మీది మాట వానకు పోవును; పుటలోని మాట తేదీతో నిలుచును. ఇకముందు వైద్యులు చాలినంతమంది ఉన్నారా, కుళాయిలో నీరు వచ్చుచున్నదా అని అడుగుటకు కూడ ఆ పుటలే మనకు ఆధారము.

మా అరుగు మీది కథ ముగించి సెలవు తీసికొందును. ఆ మరుసటి ఆదివారము వియ్యంకులిద్దరును ఆయన మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చినారు. ఆ పిల్ల కళాశాలలో చదువుచున్నది. ఆమె వెదకుచుండగా తాతగారు ప్రక్కన కూర్చుండి ఒక నోటుపుస్తకములో తేదీలు ఎక్కించుకొన్నారు. ఒక పుటకు ‘అడిగినవి’ అని, ఎదుటి పుటకు ‘చెప్పినవి’ అని పేర్లు పెట్టినారు. కొంతసేపటికి మూడవ పుట తిప్పి, ‘జరిగినవి’ అని వ్రాసి, కలము ఆపి నా వైపు చూచినారు. “ఇది మాత్రం ఆ పుస్తకాల్లో దొరకదు మాస్టారూ. ఇది మేమే రాయాల” అన్నారు.

ఆ మూడవ పుటను వ్రాయవలసినవారము మనమే.