మన లెక్కలోకి రాని పిల్లలు

(తల్లిదండ్రులు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్ల ఏడో తరగతిలో బడి మానేస్తే 'చదువు అబ్బలేదు' అంటాం. మగపిల్లవాడు మెకానిక్ షెడ్డులో చేరితే 'లెక్కలు రాలేదు, పనైనా వస్తుంది' అని సరిపెట్టుకుంటాం. పేదరికం, ప్రభుత్వ నిర్లక్ష్యం మన పిల్లలను బడికి దూరం చేస్తున్నాయని వేదికలపై చెబుతూనే ఉన్నాం. అది నిజమే. అయితే ఆ పిల్లల్లో కొందరి విషయంలో మరో కారణం కూడా ఉంది. దానికొక పేరుందని మనలో చాలామందికి తెలియదు. అదే డిస్కాల్కులియా, అంటే గణిత అభ్యసన వైకల్యం.

ఇది సోమరితనం కాదు, మందబుద్ధి అంతకన్నా కాదు. అంకెల పరిమాణాన్ని గ్రహించే శక్తి మెదడు ఎదుగుదలలో వేరుగా రూపొందడం వల్ల కలిగే ఇబ్బంది. నూటికి ముగ్గురు నుంచి ఏడుగురు పిల్లల్లో ఇది ఉంటుందని నిపుణుల అంచనా. కథ చక్కగా చెప్పగల బిడ్డ ఏడు పెద్దదా, తొమ్మిది పెద్దదా అంటే తడబడుతుంది. తోటివారు మానేసిన ఎంతోకాలానికి కూడా వేళ్లమీదే లెక్కిస్తుంది. నిన్న వచ్చిన ఎక్కం ఇవాళ రాదు. రెండువందల మూడు రాయమంటే 2003 రాస్తుంది. గడియారం చూసి వేళ చెప్పలేదు, అంగట్లో చిల్లర సరిచూసుకోలేదు.

మన ఇళ్లలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. తెలుగులో ఇరవై తొమ్మిది అన్నప్పుడు ఇరవై, తొమ్మిది రెండూ వినబడతాయి. ఉర్దూలో అది 'ఉన్తీస్', అంటే ముప్పైకి ఒకటి తక్కువ. నూరు వరకు సంఖ్యల పేర్లను దాదాపు విడివిడిగా కంఠస్థం చేయవలసిందే. పైగా ఉర్దూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు, అంకెలు ఎడమ నుంచి కుడికి సాగుతాయి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు వినే బిడ్డ తడబడితే అది భాష వల్లనా, వైకల్యం వల్లనా?

తేల్చుకునే మార్గం ఉంది. చింతగింజలు ముందుంచి ఇంటి భాషలోనే అడగండి. సులువుగా చెబితే సమస్య భాషదే కావచ్చు. ఇంటి భాషలో ఆరు నెలలు ఓపికగా నేర్పినా తడబాటు పోకపోతే, ముందు చూపు, వినికిడి చూపించి, ఆపై మానసిక నిపుణులచేత పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష బిడ్డకు వచ్చిన భాషలోనే జరగాలని పట్టుబట్టాలి. భాష రాని బిడ్డకు వైకల్యం ముద్ర వేయడం అన్యాయం. వైకల్యం ఉన్న బిడ్డను 'ఉర్దూ పిల్లలు ఇంతే' అని వదిలేయడం కూడా అంతే అన్యాయం.

ఇక్కడ చట్టం మన పక్షాన ఉంది. 1995 నాటి చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, డిస్కాల్కులియాను పేరుతో సహా చేర్చింది. అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన అందించేలా చూడాలని 16వ సెక్షన్ చెబుతోంది. ఇది ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుని సదుపాయం 17వ సెక్షన్‌లో ఉన్నాయి. వైకల్యం 40 శాతానికి తగ్గదని ధ్రువపత్రం వస్తే 18 ఏళ్ల వరకు ఉచిత విద్య, ఉన్నత విద్యలో రిజర్వేషన్ కూడా హక్కులే. వీటిని దయగా అడగనక్కరలేదు. రాతపూర్వకంగా కోరి, రసీదు తీసుకోండి.

ఇంట్లో చేయవలసినది ఖర్చులేని పని. పది చీపురుపుల్లలను ఒక కట్టగా కట్టి పదులు, ఒకట్లు చేతికి తెలిసేలా నేర్పండి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. బంధువుల ముందు ఎక్కాలు అడగవద్దు, అన్నదమ్ములతో పోల్చవద్దు, చేయి చేసుకోవద్దు. భయపడిన బిడ్డకు వచ్చిన లెక్క కూడా మరుపుకు వస్తుంది. గళ్ల కాగితం, ఎదురుగా ఎక్కాల పట్టిక, తక్కువ లెక్కలు, ఎక్కువ సమయం ఇవ్వమని ఉపాధ్యాయులను కోరండి. ఈ ఇబ్బంది పూర్తిగా తొలగకపోవచ్చు, కానీ చదువు ఆగనక్కరలేదు.

కార్యకర్తలకు ఒక్క మనవి. మీ బస్తీలో ఏ బిడ్డ బడి మానిందని తెలిసినా ఆ ఇంటికి వెళ్లండి. ఫీజు కట్టలేకపోయారా అని అడిగినట్లే, లెక్కల దగ్గర ఆగిపోయిందా అని కూడా అడగండి. అవునంటే, ఆ బిడ్డను మళ్లీ బడికి చేర్చే పని ఆ రోజే మొదలుపెట్టండి.