రెండు స్టేషన్ల మధ్య బాధ్యత ఎవరిది?

(వినగడపలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆస్తి హక్కు గురించో, గృహహింస చట్టం గురించో చెబుతానని మీరనుకొని ఉంటారు. నేను మాత్రం ఇవాళ రైలు మారడం గురించి మాట్లాడదామని వచ్చాను. రైలే రాని ఊళ్ళో ఈ గొడవేమిటని నవ్వుకోకండి. తిరువూరుకి ఈనాటికీ రైలు లేదు. వినగడప మనిషి రైలెక్కాలంటే మధిరకో, విజయవాడకో పోవాలి. అందుకే మీ ప్రయాణం ఒక్క బండితో తెమలదు. ఆటో, బస్సు, రైలు, మళ్ళీ ఆటో, మళ్ళీ ఇంకో రైలు. ఈ ముక్కల మధ్య ఉన్న ఖాళీల గురించే నా మాటలు.

ముందు, మీలో ఎవరెవరు ఎందుకు ప్రయాణం చేస్తున్నారో చూడండి. కూతురి పురుటికి వెళ్ళే తల్లి. పెద్దాసుపత్రిలో ఉన్న మరిదికి అన్నం వండిపెట్టడానికి హైదరాబాదు వెళ్ళే వదిన. ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఒంటరి ఆడది. పరీక్షకి వెళ్ళే పిల్ల, ఆ పిల్లకి తోడుగా వెళ్ళే తల్లి. మగవాడు కూడా ప్రయాణం చేస్తాడు. కానీ అతను ఎక్కువసార్లు ఒక సంచీ పట్టుకొని ఒక పని మీద వెళతాడు. ఆడది ఇంటిని వెంట పెట్టుకొని వెళుతుంది. చంకలో బిడ్డ, చేతిలో బియ్యం మూట, ఇంకో చేతిలో కారం డబ్బా, పచ్చడి జాడీ. ఇంటి చాకిరీ ఎవరిది అనే ప్రశ్న రైల్వే ప్లాట్‌ఫారం మీద కూడా వస్తుంది. రవాణా ప్రణాళికలు వేసేవాళ్ళ బుర్రల్లో ప్రయాణికుడంటే పొద్దున ఆఫీసుకి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే మగమనిషి. అతనికి కావలసినవి వేగం, టైము. మనకి కావలసినవి మూట దించుకునే చోటు, మరుగుదొడ్డి, వెలుతురు, దారి చెప్పే ఒక నమ్మకమైన మనిషి.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. మధిరలో ఎక్కి సికిందరాబాదులో దిగుతారు. అక్కణ్ణించి బొంబాయి వెళ్ళాలంటే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో బయలుదేరుతుంది. తిరుపతి వెళ్ళే వెంకటాద్రి కాచిగూడలో. ఒకే నగరం, మూడు పెద్ద స్టేషన్లు. ఎందుకిలా? సికిందరాబాదుకి 1874లో నిజాం రైల్వే వచ్చింది. అది బ్రిటిష్ దండు ఉన్న కంటోన్మెంటు. నాంపల్లి స్టేషన్ 1907లో కట్టారు, కాచిగూడ 1916లో. కాచిగూడ వైపు నడిచింది మన్మాడు దాకా వేసిన మీటరుగేజి లైను. పట్టాల వెడల్పే వేరు కాబట్టి మనిషి దిగి మారక తప్పేది కాదు. ఆ మీటరుగేజి తీసేసి బ్రాడ్‌గేజి వేసి చాలా ఏళ్ళయింది. మనం మాత్రం ఇంకా దిగి మారుతూనే ఉన్నాం. దండుకి ఒక స్టేషను, దొరతనానికి ఒక స్టేషను కట్టిన కాలంలో మూటతో వచ్చే ఆడమనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ తరవాత వచ్చినవాళ్ళూ తీసుకోలేదు.

ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు 2003లో వచ్చాయి. సికిందరాబాదు నుంచి కాచిగూడకి సీతాఫల్‌మండి, విద్యానగర్ మీదుగా వెళ్ళొచ్చు. దారి ఉంది. కానీ ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఇవాళ వస్తుందో రద్దయిందో తెలుసుకోవడమే ఒక పరీక్ష. పట్నం పిల్లలు ఫోన్లో చూసి చెప్పేస్తారు. పెద్దవాళ్ళం ఎవర్నో అడగాలి. అడిగే చోట వరస ఉంటుంది, వరసలో నిలబడితే మూట ఎవరు చూస్తారు?

2017లో మెట్రో వచ్చింది. దాని బోర్డుల్లో సికిందరాబాదు రెండు: ఈస్టు ఒకటి, వెస్టు ఒకటి. ఒకటి నీలం లైను మీద, ఇంకోటి ఆకుపచ్చ లైను మీద. రెండూ దగ్గర్లోనే ఉన్నాయి, కానీ ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోటు ఈ రెండింటిలో ఏదీ కాదు, పరేడ్ గ్రౌండ్. ఈ ప్రాంతం నుంచే వెళ్ళిన ఒక పెద్దమ్మ నాతో, “సూరీడు కనపడితే గదమ్మా తూర్పేదో పడమరేదో చెప్పడానికి” అంది. నగరాలు కట్టేవాళ్ళకి ఈ ఒక్క మాట వినిపిస్తే చాలు, నా వ్యాసాలు వాళ్ళు చదవక్కర్లేదు.

ఇది చాలదన్నట్టు 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచారు. సికిందరాబాదు స్టేషన్ని పడగొట్టి మళ్ళీ కడుతున్నారు గనక కొన్ని రైళ్ళని అక్కడికి మార్చారు. స్టేషన్ బాగుంది, కాదనను. కానీ అది నగరానికి తూర్పు అంచున ఉంది, మెట్రో దాని దాకా రాదు. చర్లపల్లిలో దిగి నాంపల్లిలో రైలెక్కాల్సిన ఆడమనిషి నగరమంతా అడ్డంగా దాటాలి. తెల్లవారుజామున దిగితే ఆటోవాడు ఎంతంటే అంత.

బస్సు ఉచితం కదా అంటారు. ఇక్కడ సరిహద్దు ఊళ్ళ ఆడవాళ్ళకి మాత్రమే తెలిసిన ఒక చిక్కుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి స్త్రీలకి బస్సు ఉచితం. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి. తెలంగాణ పథకం ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్ళకే. ఆధార్ కార్డు మీద వినగడప అని ఉంటే హైదరాబాదు సిటీ బస్సులో టిక్కెట్టు కొట్టాల్సిందే. మన పథకం రాష్ట్రం దాటే బస్సులకి వర్తించదు. మధిర ఇప్పుడు వేరే రాష్ట్రం. అందుకని కొందరు ఏం చేస్తున్నారంటే, దగ్గర్లో ఉన్న మధిరని వదిలేసి, పైసా ఖర్చు లేకుండా విజయవాడ దాకా బస్సులో పోయి, అక్కడ రైలెక్కి, అదే మధిర మీదుగా మళ్ళీ పైకి పోతున్నారు. డబ్బు మిగిలింది, పూట పోయింది. ఆడదాని టైముకి ఖరీదు కట్టేవాడు లేడు గనక ఆ పోయిన పూట ఏ లెక్కలోనూ రాదు. ఉచిత బస్సు గొప్ప సంగతే. అది మన హక్కే, ఎవరి దయా కాదు. కానీ ఇంటి నుంచి చేరాల్సిన చోటు దాకా ఉండాల్సిన హక్కుని సరిహద్దు దగ్గర తెంపేస్తే ఎలా?

ఇక చట్టం. 1989 రైల్వే చట్టంలో 58వ సెక్షన్ ఉంది. ప్రయాణికుల రైలు ప్రతిదాన్లోనూ ఒక పెట్టె గానీ, కొన్ని బెర్తులూ సీట్లూ గానీ స్త్రీలకి ప్రత్యేకించాలి. 162వ సెక్షన్ ప్రకారం అందులోకి మగవాడు ఎక్కితే నేరం. 139వ సెక్షన్ గురించి చాలామందికి తెలియదు. మగతోడు లేని స్త్రీ దగ్గర టిక్కెట్టు లేకపోయినా ఆమెని అర్ధరాత్రి ఎక్కడబడితే అక్కడ దింపెయ్యడానికి వీల్లేదు. ఆమె బయలుదేరిన స్టేషన్లోనో, జంక్షన్లోనో, చివరి స్టేషన్లోనో, జిల్లా కేంద్రంలోనో, అదీ పగటిపూట మాత్రమే దింపాలి. మంచి చట్టం. ‘మగతోడు లేని’ అన్న మాటలో పితృస్వామ్యం వాసన ఉందని మనలో కొందరికి అనిపించవచ్చు, నాకూ అనిపిస్తుంది. అయినా రాత్రిపూట ఆ సెక్షన్ మనకి పనికొస్తుంది, వదులుకోవద్దు.

ఇప్పుడొక ప్రశ్న వేస్తాను. టిక్కెట్టు లేని స్త్రీని రాత్రి దింపకూడదని చెప్పిన చట్టం, టిక్కెట్టు కొనుక్కున్న స్త్రీని రాత్రి మూడు గంటలకి ఒక స్టేషన్లో దించి, పొద్దున ఆరింటికి ఇంకో స్టేషన్లో ఎక్కమంటే ఏమంటుంది? ఏమీ అనదు. స్టేషన్ గేటు దాటితే రైల్వే బాధ్యత అయిపోయింది. తరవాత స్టేషన్ గేటు దగ్గర మళ్ళీ మొదలవుతుంది. మధ్యలో ఉన్నదంతా నీ ఖర్మ.

అది మాటవరసకి అన్నది కాదు. 2014 జనవరి 5న ఒక మచిలీపట్నం అమ్మాయి, ఇరవైమూడేళ్ళది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, క్రిస్మస్‌కి ఇంటికొచ్చి తిరిగి వెళుతూ బొంబాయిలో లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో తెల్లవారుజామున దిగింది. ఆమె హాస్టలు అంధేరీలో. అది వేరే లైను, నగరానికి అటుపక్క. ఆమె రైలు దిగింది, హాస్టలుకి చేరలేదు. పదకొండు రోజుల తరవాత పొదల్లో శవం దొరికింది. అప్పటికి వినగడపా మచిలీపట్నమూ ఒకే జిల్లా. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2015లో ఒకతనికి ఉరిశిక్ష వేశారు, 2018లో హైకోర్టు ఖాయం చేసింది, 2025 జనవరిలో సుప్రీంకోర్టు సాక్ష్యాలు చాలవని విడుదల చేసింది. అంటే ఇవాళ్టికి ఆ పిల్లని చంపిందెవరో చట్టానికి తెలియదు. ఆమె పేరు నేను చెప్పను. అప్పుడు జనం అన్న మాటలు మాత్రం గుర్తుచేస్తాను: తెల్లారేదాకా ఎందుకు ఆగలేదు, ఎవరైనా వచ్చేదాకా ఎందుకు కూర్చోలేదు అని. చదువుకుని ఉద్యోగం చేస్తున్న పిల్ల తన హాస్టలుకి తాను వెళ్ళడాన్ని కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సిన పనిగా మార్చారు. స్టేషన్ బయట ఆ వేళ పోలీసు గానీ, రేటు కట్టి చీటీ ఇచ్చే ఆటో కౌంటరు గానీ, లోకల్ రైలుకి వెలుతురున్న దారి గానీ ఎందుకు ఉండవని అడిగినవాళ్ళు తక్కువ.

ఇలాంటప్పుడు మన కేసు ఏ పోలీసులదీ కాకుండా పోయే ప్రమాదం కూడా ఉంది. స్టేషన్ లోపల రైల్వే పోలీసులు, బయట ఊరి పోలీసులు. మాది కాదంటే మాది కాదంటారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. ‘మా పరిధి కాదు’ అన్నవాడికి ఈ సెక్షన్ నెంబరు చెప్పండి. రైల్లో గానీ స్టేషన్లో గానీ ఆపద వస్తే 139, బయటైతే 112.

వేరే చోట్ల ఎలా ఉంది? లండన్‌లో కూడా రైల్వే కంపెనీలు తలా ఒక మూల స్టేషన్ కట్టుకున్నాయి. వాటిలో కొన్నిటిని కలుపుతూ 1863లో భూగర్భ రైలు వేశారు. ఈరోజు లండన్ మీదుగా వేరే ఊరికి టిక్కెట్టు కొంటే, స్టేషన్ నుంచి స్టేషన్‌కి మారే ఆ భూగర్భ ప్రయాణం కూడా అదే టిక్కెట్టులో కలిసి ఉంటుంది. ఒక గుర్తు ముద్రిస్తారు. అంత దూరం ఎందుకు, మద్రాసు చూడండి. మీలో వేలాంగణ్ణి వెళ్ళేవాళ్ళున్నారు. విజయవాడ నుంచి సెంట్రల్‌లో దిగి ఎగ్మూరుకి మారతారు. రెండు కిలోమీటర్ల దూరానికి ఆటోవాళ్ళతో బేరం పెట్టుకున్న రోజులు గుర్తున్నాయి కదా! 2018లో సెంట్రల్ దాకా మెట్రో వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది. కొంత అని ఎందుకన్నానంటే మెట్రో రాత్రంతా నడవదు.

మనం అడగాల్సినవి పెద్దపెద్ద కోరికలేం కావు. మధిర నుంచి బొంబాయికి రెండు రైళ్ళకీ టిక్కెట్టు తీసుకున్న మనిషికి సికిందరాబాదు నుంచి నాంపల్లికి మారే ప్రయాణం కూడా అందులోనే కలపాలి. రెండు రాష్ట్రాలూ ఒకరి ఆడవాళ్ళని ఇంకొకరు బస్సులో ఉచితంగా ఎక్కనివ్వాలి. ప్రతి పెద్ద స్టేషన్ బయటా రాత్రంతా పనిచేసే ఆటో కౌంటరు ఉండాలి, అందులో ఆడ ఉద్యోగి ఉండాలి. రెండో స్టేషన్లో రైలు టిక్కెట్టు ఉన్న స్త్రీని మొదటి స్టేషన్ ఆడవాళ్ళ గదిలో తెల్లారేదాకా ఎవరూ లేవగొట్టకుండా కూర్చోనివ్వాలి. ఇప్పటికే ఉన్న ఒక సౌకర్యం కూడా వాడుకోండి: 2019 నుంచి రెండు టిక్కెట్లనీ జోడించి తీసుకుంటే, మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు రెండోదాని డబ్బు తిరిగి అడగవచ్చు. టిక్కెట్టు రాసేవాడు తనంతట తాను చెప్పడు, మనమే అడగాలి.

మీకు కాగితాలు పంచుతున్నారు. మీరు చివరిసారి చేసిన దూర ప్రయాణం అందులో రాయండి. ఎన్నిసార్లు బండి మారారు, మారిన చోట ఎంతసేపు ఆగారు, మరుగుదొడ్డి ఉందా, ఆటోకి ఎంతయింది, ఎవరిని దారి అడిగారు. పేర్లు అక్కర్లేదు. రాయడం రానివాళ్ళ పక్కన పిల్లలు కూర్చొని రాస్తారు. సాయంత్రం లోపల ఇచ్చేయండి, రేపు పొద్దున మధిరలో నాకు రైలుంది.