ఫతే మైదానపు పచ్చిక

క్రికెట్ ఆటను గూర్చి ముచ్చటించునప్పుడు మనము ఆటగాండ్ర పేర్లు చెప్పుకొందుము, పరుగులు లెక్కించుకొందుము, వారు నిలిచి ఆడిన నేలను గూర్చి తలచువారు అరుదు. నాటకమును మెచ్చుకొనువాడు రంగస్థలపు బల్లలను మరచిపోయినను దోషము లేదు. క్రికెట్టులో అట్లు కాదు. బంతి వేయువానికిని బ్యాటు పట్టినవానికిని నడుమ నేల కూడ ఒక ఆటగాడై కూర్చుండి యుండును. ఈ సాయంకాలము ఆ నేలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము.

మేము పెద్దపల్లి వారము. మా వైపు నేల యనగానే దాని క్రింద నున్న బొగ్గు జ్ఞప్తికి వచ్చును. రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో పగలు రేయి యను భేదము లేక మూడు షిఫ్టులుగా బావుల పని సాగుచుండును. మొదటి షిఫ్టు దిగినవారు ఇండ్లకు చేరి, స్నానము చేసి, ఒక కునుకు తీసి లేచు వేళకు పిల్లలు ఖాళీ స్థలములలో చేరియుందురు. ఎఱ్ఱని చెలక నేల. కంకర ఏరివేసి, నీరు చల్లి, కొబ్బరినార చాప పరచి, అంచులకు మేకులు దిగగొట్టినచో అదియే పిచ్. చాప లేని నాడు వట్టి నేలయే. మేమును చిన్ననాట ఆడినది అట్టి చోటనే.

చాపమీద బంతి పడినచో గట్టిగా ఎగురును. ఎంత ఎగురునో ఇంచుమించు ప్రతిసారియు అంతే. అందుచేత దానిమీద ఆడి పెరిగిన పిల్లవాడు బంతి లేచిన తరువాత కొట్టుటకు అలవాటుపడును. మా వీధి పిల్లవాడొకడు, మా అందరిలో మేటి, ఎంపిక పోటీలకని నగరమునకు పోయెను. అక్కడ పచ్చిక పిచ్. బంతి లేవలేదు; చీలమండ దగ్గరనే లోపలికి దూసికొని వచ్చెను. రెండవ బంతికే వాని ఆట ముగిసెను. తిరిగి వచ్చిన తరువాత వాడు చెప్పిన మాట ఒక్కటే: "అన్నా, ఆ నేల నాకు తెలియదే." ఆ పిల్లవాడు తరువాత బావిలో ఉద్యోగము చేసి విశ్రాంతి పొందినాడు. నేడు కూడ ఎవరైనను క్రికెట్టు మాట ఎత్తినచో వాడు మొదట అడుగునది పిచ్ ఎట్లున్నదనియే.

పచ్చిక పిచ్ అనునది ఒక్కనాటిలో కలుగునది కాదు. ఇరువదిరెండు గజముల పొడవు, పది అడుగుల వెడల్పు గల ఆ చిన్న మడికి రైతు తన మాగాణికి పడునంత శ్రమ పడవలయును. బంకపాలు ఎక్కువగా నున్న నల్లమట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, బరువైన రోలరును త్రిప్పి త్రిప్పి గట్టిపరుతురు. దానిపై గడ్డి నాటుదురు. ఆ గడ్డి అందము కొరకు కాదు. దాని వేళ్లు మట్టిని పట్టి యుంచును. రేగడి చేలు వేసవిలో నెఱ్ఱెలు విచ్చుట మన రైతులెల్లరు ఎఱిగినదే. పిచ్ కూడ అంతే. తడి ఆరిన కొలది బీటలు వారును, అప్పుడు బంతిని త్రిప్పువానికి పండుగ. పైన పచ్చిక మిగిలి, లోపల తేమ యున్నచో వేగముగా వేయువానికి పండుగ. గడ్డిని ఎంత కోయవలెను, ఎప్పుడు కోయవలెను అనునది చిన్న విషయముగా తోచును గాని, ఒక్కొకప్పుడు ఆటయంతయు దానిమీదనే ఆధారపడును. హైదరాబాదులోని ఫతే మైదానమున ఒకసారి అట్లే జరిగెను.

ఫతే మైదానము పేరు మన చరిత్రతో ముడిపడినది. 1687లో ఔరంగజేబు సేనలు గోలకొండను ముట్టడించిన కాలమున ఇక్కడ విడిసి యుండెననియు, ఎనిమిది నెలలకు కోట వశము కాగా విజయచిహ్నముగా దీనికి ఆ పేరు వచ్చెననియు చెప్పుదురు. అసఫ్‌జాహీల కాలమున ఇక్కడ పోలో ఆడిరి. క్రికెట్టుకు మాత్రము ఆనాడు సికిందరాబాదులోని జింఖానా మైదానమే పేరుపొందినది. 1930 ప్రాంతమున మొదలైన మొయినుద్దౌలా బంగారు కప్పు పోటీలకు దేశములోని పెద్ద ఆటగాండ్రెల్లరు అక్కడికే వచ్చెడివారు.

ఫతే మైదానమున మొదటి టెస్టు 1955 నవంబరులో జరిగెను. వచ్చినవారు న్యూజీలాండు వారు. భారతజట్టుకు నాయకుడు హైదరాబాదు వాడే, గులాం అహమ్మదు. తన ఊరిలో జరిగిన తొలి టెస్టునకు తానే నాయకుడగుట ఎంతమందికి లభించును! ఆ ఆటలో పాలీ ఉమ్రీగరు 223 పరుగులు చేసెను. టెస్టులలో భారతీయుడొకడు రెండువందలు దాటుట అదియే ప్రథమము. కృపాల్ సింగు తన తొలి టెస్టులోనే నూరు చేసెను. మన వారు నాలుగు వికెట్లకు 498 పరుగుల వద్ద ఆట ముగించిరి. సుభాష్ గుప్తే ఏడు వికెట్లు తీసెను. అయినను నేల బ్యాటు వారి పక్షమే వహించుటచే రెండవమారు సట్‌క్లిఫ్ 137 పరుగులతో అవుట్ కాకుండ నిలిచెను. ఆట తేలలేదు. ఉమ్రీగరు ఘనతయు ఎక్కువకాలము ఒంటరిగా నిలువలేదు. అదే వరుస పోటీలలో వినూ మన్కడ్ ఒకసారి 223 చేసి సమానుడయ్యెను, మరల 231 చేసి మించిపోయెను.

ఇక 1969. మేమప్పుడు బడిపిల్లలము. ప్రత్యేక తెలంగాణ ఉద్యమముతో ఆ యేడు బడులు సరిగా సాగలేదు. మా వాడలో రేడియో ఉన్న ఇల్లు ఒకటే. ఆ ఇంటి పెద్దాయన అరుగుమీద రేడియో నుంచి, మమ్ము క్రింద కూర్చుండుమనెడివాడు. వ్యాఖ్యానము ఇంగ్లీషున వచ్చెడిది. మాకు తెలిసినవి అంకెలు, పేర్లు, జనుల హోరు. ఆ హోరును బట్టియే వికెట్టు పడినదో ఫోరు పోయినదో ఊహించుకొనెడివారము. అక్టోబరు నెలలో ఫతే మైదానమున మూడవ టెస్టు. అంతకుముందు బొంబాయిలో మన వారు గెలిచిరి, నాగపురములో న్యూజీలాండు వారు గెలిచిరి. ఇది తేల్చవలసిన ఆట. మైదానమునకు అప్పటికే, 1967 నుండి, లాల్ బహదూర్ స్టేడియమని పేరు మారినది గాని, జనులు ఫతే మైదానమనియే అనుచుండిరి.

న్యూజీలాండు వారు 181 పరుగులకు ముగిసిరి. ప్రసన్న ఐదు వికెట్లు తీసెను. రెండవ దినమును వర్షము మింగివేసెను. తరువాత విరామదినము. నిబంధన ప్రకారము ఆ దినమున పిచ్‌పై గడ్డి కోయవలసి యుండెను. కోయలేదు. ఆ సంగతి మరునాటి ఉదయము అంపైర్లకు తట్టెను. ఇప్పుడు కోయింతుమనగా, న్యూజీలాండు నాయకుడు గ్రాహం డౌలింగు వలదనెను. అతడు మొండితనము చూపెనని ఆనాడు అరుగుమీద పెద్దలు తిట్టిరి. నేడు నెమ్మదిగా ఆలోచించినచో, నిబంధన అతని వైపే యుండెనని ఒప్పుకొనక తప్పదు.

తడిసిన నేల, కోయని గడ్డి, పైన తేమ. డేల్ హ్యాడ్లీ, బాబ్ క్యూనిస్ బంతులు వేయుచుండగా మన వికెట్లు వరుసగా కూలెను. సుమారు 50 పరుగులకే తొమ్మిదిమంది పోయిరి. చివరకు వేంకటరాఘవన్, బేడీ ఇరువురు నిలిచి కొంత పరువు దక్కించిరి. 89 పరుగులకు అందరు అవుట్. బ్యాటు పట్టుట ఎఱిగిన మహామహులు పోగా బంతి వేయు ఇరువురు నిలిచిరనుట మా పిల్లలకు వింతగా తోచెను. ఆ సాయంకాలమే ప్రేక్షకులలో అల్లరి చెలరేగి పోలీసులు కలుగజేసికొనవలసి వచ్చెను.

రెండవ ఇన్నింగ్సులో న్యూజీలాండు వారు ఎనిమిది వికెట్లకు 175 వద్ద ముగించి, మన ముందు 268 పరుగుల గమ్యము నుంచిరి. కడపటి దినమున మనది ఏడు వికెట్లకు 76. ఇక మూడు వికెట్లు పడినచో న్యూజీలాండునకు భారతభూమిపై తొలి సిరీస్ విజయము. అప్పుడు వాన వచ్చెను. పెద్ద తుపాను కాదు, అరగంట వాన. తరువాత ఎండ కాసెను. కాని నేల ఆరలేదు. ఆర్పుటకు తగినంత త్వరపడలేదని నాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. డౌలింగు తానే దిగి నీరు తుడుచుటకు సాయము పట్టెనట. చివరకు ఆట రద్దు. సిరీస్ సమము.

మా పెద్దాయన ఆ వార్త విని రేడియో కట్టివేసి, "వానదేవుడు మనవాడే" యని నవ్వెను. మేమును నవ్వితిమి. ఆ నవ్వు తలచుకొన్నప్పుడు ఇప్పటికిని కొంచెము సిగ్గు కలుగును. గడ్డి కోయుట మరచినందుకు మన బ్యాటు వారు నష్టపోయిరి. నీరు తోడుట ఆలసించినందుకు ఎదుటివారు నష్టపోయిరి. రెండును నేలను కనిపెట్టి యుండవలసినవారి పనులే. న్యూజీలాండు వారు భారతదేశమున టెస్టు సిరీస్ గెలుచుటకు మరి 55 సంవత్సరములు పట్టెను. 2024లో మూడు టెస్టులకు మూడును గెలిచిరి. ఆ వార్త వచ్చిన రాత్రి మాకు మొదట జ్ఞప్తికి వచ్చినది ఫతే మైదానపు బురదయే.

విచిత్రమేమనగా, ఫతే మైదానమున మొత్తము జరిగినవి మూడు టెస్టులు, మూడింటను ఎదుటివారు న్యూజీలాండు వారే. మూడవది 1988 డిసెంబరులో. దానిని మన వారు పది వికెట్లతో గెలిచిరి. ఒకనాటి మ్యాచులలో 1987 మార్చిలో పాకిస్తానుతో పరుగులు సమముకాగా తక్కువ వికెట్లు పోయినందున మనకు విజయము దక్కెను. అదే సంవత్సరము అక్టోబరులో ప్రపంచ కప్పు ఆట ఒకటి ఇక్కడ పడినది. దానికి మేము నలుగురము స్నేహితులము పెద్దపల్లిలో రాత్రి రైలెక్కి కాజీపేట మీదుగా పోయితిమి. జింబాబ్వే అనగా ఎవరికి లెక్క? 104 పరుగులకు ఏడు వికెట్లు పోగానే మాలో ఇద్దరు తిరుగురైలు వేళ అడుగ మొదలుపెట్టిరి. అప్పుడు డేవ్ హాటన్ చెలరేగెను. బుచార్టుతో కలసి 117 పరుగులు చేర్చి, తాను 142 వద్ద, మార్టిన్ క్రో వెనుకకు పరుగెత్తి పట్టిన క్యాచికి లోబడెను. జింబాబ్వే మూడు పరుగుల తేడాతో ఓడెను. హాటన్ నడచిపోవుచుండగా మా చుట్టును ఉన్నవారు లేచి చప్పట్లు కొట్టిరి. తిరుగురైలు తప్పినది, ఎవరును విచారింపలేదు.

1999 నవంబరులో అదే నేలపై సచిన్ టెండూల్కరు 186, ద్రావిడు 153 పరుగులు చేసి, రెండవ వికెట్టునకు 331 జోడించిరి. అది ఆనాటికి ప్రపంచములో మేటి జోడి. ఎదుటివారెవరో చెప్పనక్కరలేదు. 2003 నవంబరులో జరిగిన కడపటి అంతర్జాతీయ మ్యాచియు వారితోనే.

తరువాత ఆట ఉప్పలునకు తరలిపోయెను. అక్కడి కొత్త స్టేడియమున 2005లో దక్షిణాఫ్రికాతో తొలి మ్యాచి జరిగెను. 2009లో ఆస్ట్రేలియా ఉంచిన 351 పరుగుల గమ్యమును వెన్నాడుచు సచిన్ ఒక్కడే 175 చేసినను మన వారు మూడు పరుగులకు ఓడిరి. 2010లో తొలి టెస్టు, మరల న్యూజీలాండే! 2024 జనవరిలో ఇంగ్లండు వారు ఇక్కడ 28 పరుగులతో గెలిచి, ఆ మైదానమున మన వారికి మొదటి టెస్టు పరాజయము రుచి చూపిరి. ఫతే మైదానమున అటుపిమ్మట జరిగిన పెద్ద సభలు వేరు: 2004లోను, 2023లోను ముఖ్యమంత్రుల ప్రమాణస్వీకారములు అక్కడనే జరిగెను. మ్యాచి ఒకనాటిది, సభ ఒకపూటది. రెండింటికిని నేల అదియే గదా యని సరిపెట్టుకొనువారున్నారు. వేలమంది నడచిన పచ్చిక మరల లేచుటకు ఎన్ని వారములు పట్టునో అక్కడ నీరు పెట్టు మాలిని అడిగినచో తెలియును.

మా బొగ్గుప్రాంతమునకు తిరిగివత్తము. గోదావరిఖనిలో సింగరేణి వారి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియము కలదు. దానికి ఫతే మైదానమువంటి చరిత్ర లేదు. అయినను షిఫ్టు వేళల నడుమ జట్లు కట్టి ఆడినవారు, ఒకనాటి క్యాచిని నేటికిని చేతులు చాచి చూపువారు ప్రతి కాలనీలో నున్నారు. వారి మ్యాచుల లెక్కలు ఏ పుస్తకమునను లేవు. ఓపెన్ కాస్టు గనులు వచ్చిన తరువాత చుట్టుప్రక్కల ఎన్నో చేలు, పిల్లలాడిన ఖాళీలు గోతులుగాను, మట్టి గుట్టలుగాను మారినవి. ఆ గుట్టలలో నల్లరేగడి కూడ కలసిపోయి యుండును. పొరలుగా పోసి రోలరు త్రిప్పినచో ఎన్ని పిచ్‌లు అయ్యెడివో యని అప్పుడప్పుడు లెక్కవేయుచుందుము.

గత వేసవిలో ఒక ఆదివారము సాయంకాలము పోయి చూచితిమి. ఆట ముగిసినది. సైరను కూసినది. పిల్లలు చాపను చుట్టుచున్నారు. ఇందాక చెప్పిన మా పాత మిత్రుడు, రెండవ బంతికే అవుటైనవాడు, ఒక మూల చాపకు ఆవల నాలుగు గజముల నేలను చదును చేసి, ఎక్కడినుండియో తెచ్చిన నల్లమట్టి పోసి, గడ్డిపరకలు నాటి, చెంబుతో నీరు చల్లుచుండెను. ఎందుకని అడిగితిమి. "కొంచెమే గదా, పిల్లలకు బంతి లేవకుండుట ఎట్లుండునో తెలియవలెను గదా" యనెను. గడ్డి ఇంకను పట్టుకొనలేదు. వాన పడిన తరువాత చూడవలెనన్నాడు.